అత్త కడిగేసిన మసి

మా అత్త పోయిందని మొన్న పొద్దున నా మెట్టినూరు దేవనకొండకు కబురొచ్చింది. అత్తంటే మా నాన్నకు అక్క. మొగుడు పోయినప్పటి నుంచి ఎమ్మిగనూరులో మా పుట్టింట్లోనే ఉండి, అందరి మీదా పెత్తనం చేసిన మనిషి. శవం దగ్గర వీధి వీధంతా "మహాతల్లి" అని ఒకటే పొగడ్త. నాకు ఒళ్లు మండింది. మా మగ్గాన్ని పోగొట్టింది ఆ మహాతల్లే.

కొన్నేళ్ల కిందట, నా పెళ్లికి ముందు, మా ఇల్లు అంటుకుంది. మగ్గం, నూలు కాలిపోయాయి, గోడలు నల్లబడ్డాయి. నూలిచ్చే ఆదోని సాహుకారు పట్టుబట్టి ఇంటికీ మగ్గానికీ బీమా చేయించి ఉన్నాడు గనుక నాన్న ధైర్యంగానే ఉన్నాడు. "బీమావాళ్లు వచ్చి సూసేదాక పుల్ల గూడా కదిలించొద్దక్కా" అని చెప్పి, వాళ్లను పిలుచుకురావడానికి ఆదోని పోయాడు.

మర్నాడు శుక్రవారం. మసి ఇంట్లో దీపం ఎట్లా పెట్టేదని అత్త చీపురు పట్టింది.

"వద్దత్తా, నాయిన సెప్పినాడు గదా!"

"నోర్ముయ్యే! కడుపు కాలినా గడప కడగాల."

గోడలకు సున్నం కొట్టింది, పేడతో అలికింది, ముగ్గేసింది. సగం కాలిన మగ్గం కొయ్యలన్నీ చాకలి బట్టలుడికించే బాన కిందికి కట్టెలుగా పోయాయి. అమ్మ నోరెత్తితే ఒట్టు!

సాయంత్రం నాన్న వెంట వచ్చిన బీమా ఆయన లోపలికి తొంగిచూసి, "కాలిందేదప్పా? పెండ్లిల్లు మాదిరి ఉందే!" అన్నాడు.

"మసికొంపలో దీపం పెడతారా యాడన్నా? మీ ఇంట్లో పెడతారేమో!" అని అత్త ఆయన మీదికే లేచింది. ఆయన వచ్చిన దారినే పోయాడు. బీమా రాలేదు, కొత్త మగ్గమూ రాలేదు.

"ఒక్క దినం ఆగింటే నీ సొమ్మేం పోతాండె అక్కా?" అన్నాడు నాన్న.

"దేవుడు తీసుకున్నదాన్ని ఇచ్చేకి వాడెవుడు?" అంది అత్త. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ మాట చచ్చేదాకా ఆమె నోట రాలేదు.

నేత తప్ప మరో పని తెలియని నాన్న ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో కూలికి చేరాడు. నేను అత్తతో చాలాకాలం మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే తినేదాన్ని, అంతే. అయినా మొన్న ఆమె కాళ్ల దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

నాన్న మిల్లు నుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ, కాళ్లయినా కడుక్కోనివ్వకుండా అత్త ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టేది. అప్పుడు మాత్రం ఆ నోరు మూతబడేది. తమ్ముడి జుట్టులో, చెవుల్లో, కనుబొమల మీద చిక్కుకున్న దూదిని మెల్లగా ఏరేది. నాన్న లేచి లోపలికి వెళ్లాక కూడా, ఒళ్లో పడిన ఆ దూదిని దులుపుకోకుండా అట్లాగే కూర్చుని ఉండేది.