మారిస్ ఫోన్లో గ్లెండా పాండిత్యం

యార్క్‌షైర్‌లోని మా చిన్న ఊళ్ళో ఆడవాళ్ళు గ్లెండా దగ్గరికి జుట్టు కత్తిరించుకోవడానికని వెళ్తారు కానీ, అసలు పని ఆనాటి పజిల్ గురించి ఆరా తీయడం. ఫోన్లో రోజూ అందరికీ ఒకటే వచ్చే, ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాల్సిన అయిదక్షరాల ఇంగ్లీషు మాటని గ్లెండా రోజూ రెండింట్లోనో మూడింట్లోనో పట్టేసేది. ఆ మాటేమిటో చచ్చినా చెప్పదు. దువ్వెన ఊపుతూ సూక్తులు మాత్రం చెప్తుంది.

"మొదటి మాటలో అచ్చులు ఎక్కువుండాలి డొరీన్. లేదని తేలిన అక్షరం జోలికి మళ్ళీ పోకు. చివరికి ఒక్క అక్షరమే తేలక పది మాటలు కుదురుతుంటే మొండిగా ఒక్కోటీ వేసి చావకు. ఒక ప్రయత్నం పోతే పోయిందనుకో. ఆ అనుమానం అక్షరాలే ఎక్కువున్న వేరే మాట వేసిచూడు."

"నీ తలలో ఏముందే తల్లీ" అనేది డొరీన్.

ఏముందో నేను చెప్తాను. మొగుడి ఫోను ఉంది. పొద్దున్నే మారిస్ స్నానాల తొట్టిలో నానుతుంటే, గ్లెండా అతని ఫోన్లో ఆరు ప్రయత్నాలూ తగలేసి, ఓడాక అది చూపించే మాట తెలుసుకుని, ఆనక తన ఫోన్లో తీరిగ్గా మొదలుపెట్టేది. నమ్మకం కుదరడానికి మొదటిది తప్పు వేసేది కూడా. ఫలితాన్ని ఊరి గ్రూపులో పెట్టడం మా ఆచారం కనక, మొగుడి ఓటమిని కూడా ఆ మహాతల్లే పెట్టేది. పబ్బులో మారిస్‌ని మట్టిబుర్ర అని ఏడిపించేవారు.

ఇంతలో చర్చి పైకప్పు కారుతోందని, దాని చందా కోసం ఆదివారం టీ విందులో పజిల్ పోటీ పెట్టారు. ఎవరూ ముందే ఆడకుండా శనివారం సాయంత్రమే ఫోన్లన్నీ బిస్కెట్ల డబ్బాలో వేయించుకుని పాస్టరుగారు బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పట్నించి గ్లెండాకి ముద్ద దిగలేదు. ఓడిపోతే ఊళ్ళో పరువు గంగలో కలిసినట్టే.

ఆదివారం ఫోన్లు తిరిగిచ్చి పోటీ మొదలెట్టారు. గ్లెండాకి మూడో ప్రయత్నానికి నాలుగక్షరాలు దొరికాయి. మొదటిది తేలలేదు. ఊరందరికీ నూరిపోసిన సూత్రం తన దాకా వచ్చేసరికి ఆవిరైపోయింది. మొండిగా ఒక్కోటీ వేసి ఆరూ తగలేసింది.

"నాకు నాలుగింట్లో వచ్చింది" అన్నాడు మారిస్, కేకు నములుతూ.

"నీకా? ఎలా వచ్చిందయ్యా?" అంది డొరీన్.

రోజూ తన ఫోన్లో ఆడేది పెళ్ళామేనని అతను నోరు జారితే గ్లెండా ఇక తలెత్తుకోలేదు.

"మా ఆవిడ చెప్పినట్టే చేశాను. అనుమానం అక్షరాలతో ఒక మాట వేసి పారేశాను" అన్నాడతను.

ఇంటికి నడుస్తుంటే గ్లెండా ఉండబట్టలేక అడిగింది. "నీకెప్పట్నించి తెలుసు?"

"మొదట్నించీ. ఆడకుండానే రోజూ ఓడిపోతుంటే తెలీదూ?"

"మరి అడగలేదేం?"

"గెలిచిన పొద్దున వేడివేడిగా గుడ్లూ బేకనూ పెడతావు. అడిగితే ఏం పెడతావో ఎవరికి తెలుసు?"

గ్లెండా సిగ్గుతో చచ్చిపోయింది. "రేపట్నించి నీది నువ్వే ఆడుకో" అంది.

మర్నాడు సొంత బుర్రతో ఆడి మళ్ళీ ఓడింది. మాడిన రొట్టె మారిస్ ముందు పడేసింది. అప్పటికే అతనికి రెండో ప్రయత్నంలో మాట దొరికింది. గ్రూపులో పెట్టబోయి, ఆవిడ మొహం చూసి, ఫోను జేబులో వేసుకున్నాడు.

"ఇంకో ముక్క ఉందా?" అన్నాడు.