పప్పు మామ మూతి

యుద్ధం రోజుల్లో నాంపల్లి స్టేషన్ ఎదుట మాలిష్ చేసే మొగులయ్యను మేమంతా పప్పు మామ అనేవాళ్లం. రాత్రి బండిలో కిటికీ పక్కన నిద్రపోయి, తెల్లారేసరికి మూతి ఒక పక్కకు పోయి దిగేవాళ్లు అప్పుడప్పుడూ ఉండేవారు. లఖ్వా కొట్టిందని, అంటే పక్షవాతం వచ్చిందని, ఏడుస్తూ నేరుగా ఆయన అరుగు మీదికే వచ్చేవారు. ఆయన గోరువెచ్చని నువ్వుల నూనెతో చెంపను కిందినుంచి పైకి రుద్ది, జారిన పెదవిని బొటనవేలితో ఎత్తిపట్టి, పప్పు అనమనేవాడు. పెదవులు కలిస్తేగాని ఆ మాట రాదు. అది సాఫుగా పలికిన రోజు రోగికన్నా ముందు మామే మీసం మెలేసేవాడు.

నిజం చెప్పొద్దూ, చాలామందికి ఆ జబ్బు దానంతటదే తగ్గుతుంది. ఆ సంగతి మామకూ తెలుసు. తెలిసీ, పేరంతా తన బొటనవేలికే కట్టబెట్టుకున్నాడు.

సుగుణమణికి మాత్రం తగ్గలేదు. ఆబిడ్స్‌లో మిషన్ బడి పంతులమ్మ, చర్చిలో పాటలు పాడే పిల్ల. నెలల తరబడి వచ్చింది. చివరికొకనాడు అరుగు నిండా జనం ఉండగా మామ చేతులు తుడుచుకుంటూ, "నీకు నమ్మకం లేదు బిడ్డా, గందుకే తగ్గుతలేదు" అన్నాడు. దేవుణ్ణి నమ్ముకున్న మనిషితో అనే మాటేనా అది? ఆమె కొంగు మూతికడ్డం పెట్టుకుని దిగిపోయింది. పాట కూడా మానేసిందని తర్వాత విన్నాం.

ఏడాది తిరక్కుండానే శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. ఒక పొద్దున మామ చాయ్ తాగబోతే అది పెదవి చివరనుంచి బనీను మీదికి కారింది. ఆయన అరుగు మూసేసి, ఎవరడిగినా పంటినొప్పి అని చెప్పమని భార్య జంగమ్మకు నేర్పాడు. మూతికి రుమాలు కట్టుకుని, తన చెంప తనే రుద్దుకున్నాడు. వారాలు గడిచినా మూతి చక్కబడలేదు. వాడకట్టు పిల్లలు నవ్వుతారని సిగ్గే. అంతకుమించిన సిగ్గు అద్దంలో ఉంది. చూసుకున్నప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకుని దిగిపోయిన సుగుణమణే కనబడేది. నమ్మకం లేకనే తగ్గదంటే, మరి తన చేతి మీద తనకే నమ్మకం లేదా?

ఆ మూతితో తినడం, మాట్లాడడం ఎట్లాగో ఆమెకే తెలుసునని జంగమ్మ ఆబిడ్స్ వెళ్లి పంతులమ్మను బతిమాలి తీసుకొచ్చింది. ఆమెను చూడగానే మామ గోడవైపు తిరిగాడు. ఆమె పాత మాట ఎత్తలేదు. ఎదురుగా కూర్చుని, రుమాలు విప్పి, ఒక చేత్తో తన పెదవిని, రెండో చేత్తో ఆయన పెదవిని ఎత్తిపట్టింది.

"ఏదీ, పప్పు అనుండ్రి."

మామ ఆమె జారిన పెదవి వంక చూశాడు.

"తప్పు."

పాపం, మాట తడబడిందనుకుంది ఆమె. "తప్పు గాదు మామా, పప్పు."

"తప్పే బిడ్డా" అన్నాడు మామ.