దీపాలు పెట్టేసిన మధ్యాహ్నం

మా అమ్మాయి స్వప్న చేతిలోని వీడియో ఆటల పలక రెండు గంటలు నడిచేసరికి వేడెక్కి, ఎండలో నిలబెట్టిన కారు లోపలి వాసన వేస్తుంది. ఆ వాసనకు పిల్ల తలనూనె, పక్కన పళ్ళెంలోని నువ్వుల మురుకులు కలిసి, కోట ఊళ్ళోని మా ఇంటి ముందుగదంతా కమ్ముకుంటుంది. అసలు ఆట మేడమీద కంప్యూటర్లో నడుస్తుందట, ఈ పలక వైఫై మీదుగా దాన్ని మంచం దాకా మోసుకొస్తుందట. అందులో కాల్చుకోవడాలూ, తరుముకోవడాలూ లేవు. ఇల్లు కట్టుకోవాలి, వండుకోవాలి, ఉద్యోగానికి పోవాలి, ఇరుగుపొరుగును పలకరించాలి, బతకడమే ఆట. మొన్న స్వప్న పడుకునే ఒక బొత్తాం నొక్కింది, గోడ జరిగింది. ఇంకొకటి నొక్కింది, వంటింటికి కిటికీ వచ్చింది. ఎవరినీ అడగలేదు, ఎవరి చేతా మాట పడలేదు. నాకు ఒళ్ళు మండింది. కన్నకూతురి మీద అసూయేమిటని ముక్కు విరిచేవాళ్ళు విరుచుకోండి. ఇసకలో ఒక ఇంటి కోసం నేను పడ్డ యాతన విన్నాక మాట్లాడండి.

నేను పుట్టి పెరిగిన పల్లె ఈ కోటకూ సముద్రానికీ మధ్యన. వేసవి సెలవుల్లో అన్నాలయ్యి, పెద్దవాళ్ళు తడిగుడ్డ మొహాన వేసుకుని పంచలో ఒరిగాక, మేం నలుగురం ఊరవతలి సరుగుడు తోపులోకి చేరేవాళ్ళం. పైన కొమ్మల్లో గాలి సముద్రంలాగే హోరెత్తేది, కింద ఇసక మాత్రం నీడపట్టున చల్లగా, రాలిన ఆకుతో మెత్తగా, అరికాలికి హాయిగా ఉండేది. ఆ సన్నటి ఆకును చేతులతో ఊడ్చి బారులు తీస్తే గోడలు. బారు తెగిన చోట వాకిలి. గోడ తొక్కిన పిల్లను ఆ రోజుకు ఆటలోంచి తీసేసేవాళ్ళం. వాకిట్లోంచే రావాలి, పిలిస్తేనే రావాలి. నానబెట్టిన బియ్యం, బెల్లం, వేయించిన శనక్కాయలు, ఉప్పూకారం అద్దిన పుల్లమామిడి ముక్కలు తలా ఒకటి పావడాల్లో మూటగట్టి తెచ్చేవాళ్ళం.

తిండి అందరిదీ. ఇల్లు మాత్రం మా పెద్దమ్మ కూతురు విజయది, ఎందుకంటే లక్కపిడతలు దానివి. ఎర్రగా పచ్చగా నున్నగా మెరిసే పొయ్యి, గిన్నె, గరిటె, బొటనవేలంత రోలు. గిన్నెలెవరివో ఇల్లు వాళ్ళది, అదీ మా చట్టం. నాకంటే రెండేళ్ళు పెద్దదైన విజయ ఇంటావిడ, పక్కింటి బుజ్జి కోడలు, చర్చి వీధి మేరీ ఆడబిడ్డ. నేనా? ఎన్ని వేసవులు గడిచినా పొరుగింటామెనే. చిప్ప పట్టుకుని వాకిట్లో నిలబడి, పాలు తోడుపెట్టుకోవడానికి కాస్త పెరుగు అడగడం నా వంతు. మా ఇళ్ళలో సందె దీపం పెట్టాక ఉప్పూ, తోడూ బయటికివ్వరు, వాటి వెంట లక్ష్మి వెళ్ళిపోతుందని. విజయకు ఆ పట్టింపు భలే పనికొచ్చేది.

“అక్కా, తోడుకి రవంత పెరుగు పెట్టు.”

“దీపాలు పెట్టేసినాం. ఇప్పుడియ్యకూడదు.”

“మిట్టమధ్యాన్నం దీపాలేంది మే?”

“మా ఇల్లు, మా ఇష్టం. పెట్టేసినాం, పో.”

నెత్తిమీది సూర్యుణ్ణి వేలుపెట్టి చూపించి మరీ వాదించేదాన్ని. ఇవాళ్టికీ నోరుగలదాన్నని బంధువుల్లో నాకున్న పేరు ఆ వాకిట్లో సంపాదించుకున్నదే.

ఒక వేసవిలో విజయకు గవదబిళ్ళలు లేచి, వారం రోజులు ఇల్లు కదలనివ్వలేదు. పైకి అయ్యోపాపం అన్నాను, లోపల నాకు పండగ. నాలుగు గదుల ఇల్లు తీర్చాను, ఆగ్నేయాన వంటిల్లు, పెరట్లో గొడ్లపాక. కొబ్బరిచిప్పలూ, సముద్రపు గవ్వలూ గిన్నెలు. బుజ్జీ, మేరీ నేను చెప్పినట్టల్లా విన్నారు. బెల్లం నేనే పంచాను, ఎవరికెంతో నేనే చెప్పాను.

ఎనిమిదో రోజు విజయ వచ్చింది. మొహం పీక్కుపోయి, దవడ మీద పసుపు పట్టుతో, చేతిలో పిడతల సంచి లేకుండా వచ్చింది. గోడ తొక్కలేదు. వాకిట్లో నిలబడి, తనకంటే రెండేళ్ళు చిన్నదాన్ని, నన్ను, అక్కా అని పిలిచింది.

“అక్కా, తోడుకి రవంత పెరుగు పెడతావా?”

ఆ పిలుపు కోసమే కదా అన్ని వేసవులు కాచుకున్నాను. పెట్టి ఉండవచ్చు. “దీపాలు పెట్టేసినాం,” అన్నాను.

విజయ వాదించలేదు. “అట్నేలే,” అని నాలుగు చెట్ల అవతలికి పోయి కూర్చుంది. మేరీ చేతిలోని చిప్ప కింద పెట్టింది.

“జరం పడి లేచొచ్చిన పిల్లకి ఇయ్యలేవా మే? మా అమ్మయితే ఏ పొద్దులో అడిగినా ఇస్తాది,” అని లేచింది. దాని వెనకే బుజ్జి. అక్కడ విజయ చుట్టూ ఇసకలో వేలితో ఒక గీత గీశారు, అంతే. గిన్నె లేదు, గది లేదు. ముగ్గురూ అందులో మోకాళ్ళు తగిలేలా కూర్చుని నవ్వుకున్నారు. నాలుగు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలిన బెల్లమంతా తిన్నాను. లక్కపిడతల్ని చూసి కుళ్ళుకోవడం నాకు పాత అలవాటే. వట్టి గీతను చూసి కుళ్ళుకోవడం ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఆ తోపు ఇప్పుడు రొయ్యల గుంట. కొమ్మల్లో గాలి హోరు పోయి, నీళ్ళు చిలికే చక్రాల రొద వచ్చింది. పిలిస్తేనే లోపలికి రావాలన్న చట్టం ఏ పిల్లకూ తెలియదు. విజయ తడ ఊళ్ళో ఉంటోంది. పెళ్ళిళ్ళలో కలిస్తే చీరల గురించి మాట్లాడుకుంటాం. మేరీ, బుజ్జి ఏ ఊళ్ళలో ఉన్నారో కూడా తెలియదు.

నిన్న స్వప్న తలంటుకోవడానికి పోయినప్పుడు ఆ పలక అందుకున్నాను. పిల్ల నేర్పిన కాస్త విద్యతో ఆరు గదుల ఇల్లు కట్టాను. మూడు బొమ్మలు చేసి విజయ, బుజ్జి, మేరీ అని పేర్లు పెట్టి, భోజనానికి పిలిచాను. సగం తింటుండగా బొత్తాం నొక్కి విజయను వెళ్ళిపొమ్మన్నాను. పోయింది, వీధి చివరిదాకా, ఒక్కతే. ఇన్నేళ్ళకు నెగ్గాను. బల్ల వైపు చూశాను. బుజ్జి తింటోంది, మేరీ తింటోంది.

“లేవ్వే మేరీ,” అన్నాను. పైకే అన్నాను.

తల తుడుచుకుంటూ వచ్చిన స్వప్న గుమ్మంలో ఆగిపోయింది. “ఏందమ్మా, బొమ్మతో కొట్లాడతన్నావా? నువ్వు నొక్కితేనే లేస్తాది అది.”

నొక్కలేదు. మేరీ ఇంకో ముద్ద పెట్టుకుంది. విజయ కోసం ఆ రోజు ఇద్దరు లేచారు, ఎవరూ నొక్కకుండానే. దాని మీద నా కుళ్ళు ఇంకా చావలేదు.