పేజీ పేజీకీ తారీఖు

ఫార్మసీ కాలేజీ లైబ్రరీలో అటెండరుగా చేరిన కొత్తలోనే ఆయనకు ముద్రలాయన అని పేరు పడింది. పరీక్షలొస్తే చాలు, కుర్రకారు సైన్సు పత్రికల్లో పేజీలు చింపుకుపోయేవారు. ఆయనకు ఒళ్లు మండి, వచ్చిన ప్రతి సంచికకూ పేజీ పేజీనా లైబ్రరీ పేరూ ఆ రోజు తారీఖూ ఉన్న ముద్ర గుద్దడం మొదలుపెట్టాడు. అక్షరాల మీద పడినా లెక్కచేయడు. "పుస్తకాన్ని ఖూనీ చేస్తున్నావయ్యా" అని ప్రిన్సిపాల్ మెమోలు కూడా ఇచ్చాడు. మొండిఘటం, వింటేగా.

ఇలా ఉండగా ఆయన చెల్లెలికి రక్త క్యాన్సర్ వచ్చింది. రోజుకో మాత్ర వేసుకుంటే బతుకుతుందన్నారు. ఆ మాత్ర చేసేది ఒకే కంపెనీ, ధర వింటే గుండె ఆగుతుంది. నెల మాత్రలు రెండు నెలలు రావడం చూసి ఆయన నిలదీస్తే, అన్నకు భారం కాకూడదని రోజు విడిచి రోజు మింగుతున్నానని చెప్పింది. ఆయన కూలబడి ఏడ్చాడు.

ఒకరోజు రోగుల సంఘం తరఫు లాయరమ్మ పాత సంచిక ఒకటి వెతుక్కుంటూ లైబ్రరీకి వచ్చింది. ఆ మందుకే కంపెనీ పేటెంట్ అడుగుతోందట. ఇస్తే ఏళ్ల తరబడి ఇంకెవరూ చేయకూడదు. ఇవ్వకపోతే చవగ్గా చేయడానికి నలుగురు సిద్ధం. ఆ మందు సంగతి అంతకుముందే ఒక పత్రికలో అచ్చయింది కాబట్టి కొత్తదేం కాదని, పేటెంట్ ఇవ్వకూడదని ఆమె వాదన. సంచిక మీద సంవత్సరమే ఉంది, మా దరఖాస్తు తర్వాతే బయటికొచ్చిందని కంపెనీ పేచీ.

ఆయన బీరువాలోంచి ఆ సంచిక తీశాడు. ప్రతి పేజీ మీదా ముద్ర, దరఖాస్తుకు పదకొండు వారాల ముందు తారీఖుతో.

"ఎవరండీ ఇలా వేసింది?"

"నేనేనమ్మా. చాలా చీవాట్లు తిన్నాను."

"మీకెలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదండీ."

"నాకెందుకమ్మా, పేజీలు చింపినవాళ్లకు చెప్పండి. వాళ్లే లేకపోతే నాకీ పిచ్చి పట్టేది కాదు."

ముద్ర తర్వాత వేసిందేమోనని విచారణలో కంపెనీ లాయరు మెలిక పెట్టాడు. అప్పుడు కాలేజీ ఫైల్లోంచి ఒక మెమో బయటపడింది. అదే సంచికను ముద్రలతో పాడుచేశాడని, అదే వారంలో, ప్రిన్సిపాల్ సంతకంతో. పేటెంట్ రాలేదు. ఏడాది తిరక్కుండా చవక మాత్రలు వచ్చాయి. ఆ ప్రిన్సిపాల్ ఎక్కడ కనబడినా ఆయన మనస్ఫూర్తిగా చేతులు జోడిస్తాడు.

రోజూ పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేస్తాడు.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా అన్నయ్యా."

"నిన్న?"

"నిన్నా వేసుకున్నా, రేపూ వేసుకుంటా, వచ్చే ఏడాదీ వేసుకుంటా. ఈ పోలీసు ప్రశ్నలు ఇక మానవూ?"

చెల్లెలు వచ్చే ఏడాది మాట ఎత్తి ఎన్నాళ్లయిందో. "మానను. వచ్చే ఏడాదీ అడుగుతా" అన్నాడాయన.