ముళ్లక్క
బట్టల దుకాణంలో స్కార్ఫుల కౌంటరు చూసుకునే ఆమెను అందరూ ముళ్లక్క అంటారు. స్కార్ఫులకు వేసే ముళ్ల వల్ల వచ్చిన పేరే అయినా, ఆమె కోపం రుచి చూసినవాళ్లు ఇంకో అర్థం చెప్పుకుంటారు. పదకొండేళ్లుగా దుకాణం తెరవగానే అద్దం ముందు నిలబడుతుంది. ఒక రోజు స్కార్ఫును మెడ పక్కన పువ్వులా ముడుస్తుంది, ఒక రోజు జడలో కలిపి అల్లేస్తుంది, మరో రోజు భుజం మీంచి జార్చి నడుం దగ్గర బిగిస్తుంది. ఒక కొస పంటి కింద పట్టుకుందంటే, ముడి కుదిరేదాకా ఎవరు పిలిచినా పలకదు.

మొన్న సోమవారం కౌంటరు పైన పెద్ద పోస్టరు వెలిసింది. పన్నెండు బొమ్మల్లో పన్నెండు ముళ్లు, అన్నీ ఆమెవే. కింద 'రూపకల్పన' అని మేనేజరు పేరు. ముళ్లక్క చెవులు ఎర్రబడ్డాయి. మడతపెట్టిన స్కార్ఫులనే విసురుగా మళ్లీ మళ్లీ మడతపెట్టింది. మధ్యాహ్నం ఒకావిడ వచ్చి ఐదో బొమ్మ ఎలా కట్టాలని అడిగింది. పక్కనే ఉన్న మేనేజరు, "చూపించమ్మా," అన్నాడు.

"నాకేం తెలుసు సార్? కనిపెట్టింది మీరు కదా, మీరే కట్టండి," అంటూ స్కార్ఫు అతని చేతిలో పెట్టింది. నలుగురూ మూగారు. అతను తన మెడకే ఇటు చుట్టి, అటు చుట్టి, గట్టిగా లాగేసరికి పీటముడి పడింది. "కాస్త విప్పండక్కా," అని గొణిగాడు.

"ముందు ఆ పేరు తీయించండి," అంది ముళ్లక్క, చేతులు కట్టుకుని.

అతను ఆ ముడితోనే మేడ మీది గదిలోకి వెళ్లిపోయాడు. కత్తెర తెమ్మని అరవడం కిందిదాకా వినిపించింది.