ఇద్దరున్న క్లాసుల ఫస్టు

పిల్లలిద్దరి టీసీలు ఇయ్యమని జనగామల సిస్టర్ల బడికి పోయిన దినం పెద్ద సిస్టర్ నన్ను కూసోమని, ముందుగాల ఒకటే అడిగింది.

"ఇంట్లో ఎవరు చెప్తారు?"

"నేనే సిస్టర్."

"మీరు ఎంతవరకు చదివారు?"

"ఏడు దాక. ఎనిమిది నన్ను సూసి తలుపేసుకున్నది."

పక్క టేబుల్ కాడ ఫీజులు రాసే ఆయన కిసుక్కున నవ్విండు. సిస్టర్ నవ్వలేదు. ఆమెది కేరళ. ఈడికొచ్చి ఏండ్లు గడిచినా ఆమెది పుస్తకంల తెలుగే, నాదేమో కోళ్ల దుకాణం తెలుగు. రెండింటికి మధ్యల నా జోకులు కిందపడి పోతుండె.

సంగతేందంటె, నా భార్య నర్సు. జనగామ నుంచి మహబూబాబాద్ జిల్లాల కొత్తగూడ దిక్కున్న ఒక దవాఖానకు బదిలీ అయింది. బిడ్డ పదికి వచ్చింది, కొడుకు తొమ్మిదికి. హాస్టల్ల వేస్తే ఇల్లు రెండు ముక్కలైతదని నా భార్య రంది పెట్టుకున్నది. పోయే ఊరు అడవి పక్కన, అలాంటి ఇంగ్లీషు బడి దగ్గర్ల ఎక్కడా లేదు. ఆమె పరేషాన్‌ల ఉన్నప్పుడు, చదువును దూరం నుంచి సూసి దండం పెట్టిన నేను, "ఇంట్లనే చెప్పుకుందాం" అన్న. బిడ్డ ఓపెన్ స్కూల్ల పది రాస్తది, కొడుకు వచ్చే ఏడు రాస్తడు. లెక్కలకు, సైన్సుకు నా భార్య వాళ్ల అన్న ఉన్నడు. భూపాలపల్లి బొగ్గుగనిల ఉద్యోగం, డిగ్రీ చదివిండు, డ్యూటీ లేనప్పుడు ఫోన్ల చెప్తనన్నడు. మిగిలినయి చదివిపిచ్చుడే కాబట్టి నేను సాలు. కోళ్ల దుకాణం నడిపేటోనికి మంగళవారం, శనివారం, శ్రావణమాసం, కార్తీకమాసం మస్తు తీరిక. ఇంత తీరికున్న పంతులు జిల్లా మొత్తం ఎతికినా దొరకడు.

సిస్టర్ కొడుకు టీసీ మీద వెంటనే సంతకం పెట్టింది. ఆ వేగం సూసి నాకే జర అనుమానమొచ్చింది. బిడ్డ కాగితం మాత్రం పక్కకు జరిపింది.

"ఈ అమ్మాయి క్లాసులో ఫస్ట్. దసరా సెలవుల వరకు పేరు ఉంచుతాను. ఆ తర్వాత హాజరు చాలదు, నేనేమీ చేయలేను. రావాలనుకుంటే బడి తెరిచిన మొదటి రోజు రావాలి."

బిడ్డ వరండాల నిలబడి అంతా విన్నది. గేటు దాటినంక, "దసరా దాకనా?" అని ఒక్కటే అడిగింది. నేను ఔనన్న.

కొత్తగూడల రెండు రూముల ఇల్లు దొరికింది. ముంగట రేకుల షెడ్డు ఏసి దుకాణం పెట్టిన. ఇంటింటికి నాటుకోళ్లు తిరిగే ఊర్ల బాయిలర్ కోడి అమ్ముడంటె, బాయి పక్కన కూసోని నీళ్లు అమ్మినట్టే. మొదటి దినం వచ్చిన ఒక అవ్వ పంజరంల చెయ్యి పెట్టి ఒక కోడిని ఒత్తి సూసింది.

"గిది కోడేనా బిడ్డా, దూది పెట్టి కుట్టిండ్రా?"

"కోడే అవ్వా. సుఖంగ పెరిగింది, గంతే."

"సుఖంగ పెరిగినదానికి రుచెక్కడిది?" అనుకుంట పోయింది. అయితె మళ్ల ఆదివారం వచ్చి అరకిలో కొన్నది. నోట్ల పండ్లు లేనోళ్లకు బాయిలరే దిక్కు.

పొద్దుగాల తొమ్మిదింటికి నా భార్య స్కూటీ మీద దవాఖానకు పోతది, మా బడి మొదలైతది. బడి అంటె బిడ్డ జనగామ నుంచి సామాన్లతోని పాటు మోసుకొచ్చిన బడే. తమ్మున్ని లైన్ల నిలబెట్టేది. ఒక్కడే ఉన్న లైను. అది కూడ వంకరగున్నదని సరిచేసేది. ప్రార్థన చేపిచ్చేది. నేను రూముల అడుగుపెడితె ఇద్దరు లేచి, "గుడ్ మార్నింగ్ డాడీ" అని రాగం తీసేటోళ్లు. నీళ్లు తాగుడుకు పర్మిషన్ అడిగేటోళ్లు. "కుండ మనదే బిడ్డా, అడిగితె అది భయపడ్తది" అన్న. ఇనలే.

ఆ బడిల ఆమె క్లాసు లీడర్. టీచర్ లేనప్పుడు మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాసుడు లీడర్ పని. మళ్ల మాట్లాడితె పేరు పక్కన ఇంటూ గుర్తు పెడ్తరు. ఇంట్ల బోర్డు లేదు కాబట్టి ఇనుప బీరువ తలుపు మీద చాక్‌పీసుతోని రాసింది. మొదటి దినం అన్నం తినే యాళ్లకు నేను సూస్తే, 'తమ్ముడు' పక్కన ఒక్క ఇంటూ. కింద 'డాడీ'. దాని పక్కన ఇంటూలు తలుపు పిడి దాక పోయినయి.

"నేను పంతుల్ని. నా పేరెట్ల రాస్తవు?"

"పంతులైతె పాఠం చెప్పాలె డాడీ. నువ్వు ముచ్చట చెప్తున్నవు."

ఫ్రాన్సు రాజు తల తీసిన పాఠం చదివినప్పుడు, "స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా?" అన్న. కొడుకు సాప మీద పడి దొర్లిండు. బిడ్డ మొకం అట్లనే పెట్టి, లేచి పోయి బీరువ మీద ఇంకో ఇంటూ గీసి వచ్చి కూసున్నది. మంచి లీడర్. ఎవ్వలకు భయపడేది కాదు.

శ్రావణమాసం వచ్చింది. గిరాకి పడిపోయి నేను పూర్తిగ పంతులునైపోయిన. ఆ దినాల్లనే బీరువ తలుపు ఖాళీగ ఉంటున్నదని గమనించిన. నేను జోకు ఏస్తే కొడుకు నవ్వుతడు, బిడ్డ పుస్తకం దిక్కు సూస్తది, చాక్‌పీసు ముట్టది. నీళ్లకు పర్మిషన్ కూడ అడుగుత లేదు. క్లాసు దారికొచ్చిందని సంబురపడ్డ. డ్యూటీ నుంచి వచ్చిన నా భార్యకు అదే గొప్పగ చెప్పిన.

"పేర్లు రాస్త లేదా? ఎప్పటిసంది?" అన్నది నా భార్య. ఆమె చిన్నప్పుడు సిస్టర్ల హాస్టల్ల పెరిగింది. ఆ బడులు, ఆ పిల్లలు ఆమెకు ఎరికే.

"అయితున్నయి కొన్ని దినాలు. మంచిదే కదా."

"నీ మొకం. మంచిదెట్లయితది? పుస్తకం ఏ పేజీ కాడ ఉన్నదో సూసినవా?"

సూడలేదు. ఆ సాయంత్రం ఇంట్ల తల్లి, బిడ్డ పాలకూర ఏరుకుంట మాట్లాడిండ్రు. నేను షెడ్డుల కత్తి నూరుతున్న. గోడ పలుచన, అన్నీ ఇనబడ్తయి.

"చదువుతలేవా బిడ్డా?"

"చదువుతున్న మమ్మీ."

"ఎన్నో పాఠం?"

పాలకూర కాడలు తుంచుతున్న చప్పుడు ఇనబడ్డది. తర్వాత, "చదివినా ఫస్టే, చదవకపోయినా ఫస్టే. ఉన్నది ఇద్దరం. వాడు తొమ్మిది."

మూలకున్న కొడుకు అందుకున్నడు. "నాకైతె మంచిగనే ఉన్నది. ఆడ ఎప్పుడు ఆఖరి బెంచి. ఈడ సెకండ్."

"జనగామల సీటు ఉన్నది కదా, పోతవా?" అని తల్లి అడిగింది.

"డాడీ ఫీలయితడు" అన్నది బిడ్డ.

నేను కత్తి నూరుడు ఆపలేదు. ఆపితె ఇన్నట్టు తెలుస్తది.

పోటీ లేకనే కదా అని, తెల్లారి నేనే పోటీకి దిగిన. "నాకు కూడ పేపర్ ఇయ్యి, ముగ్గురం రాద్దాం" అన్న. బిడ్డ పాఠం ఎనుకున్న ప్రశ్నలతోని సోషల్ పరీక్ష పెట్టి, తనే దిద్దింది. నాకు రెండు మార్కులొచ్చినయి, అందుల ఒకటి చేతిరాతకు. పేపర్ నా చేతుల పెట్టి, "నువ్వు పోటీ కాదు డాడీ, కాలక్షేపం" అన్నది. కోపంగ అనలే. టీచర్లు మందమతి పిల్లగాని తల్లిదండ్రులకు చెప్తరు సూడు, గట్ల నెమ్మదిగ చెప్పింది.

భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేసిండు. వాళ్ల క్వార్టర్ల కాడ పదో తరగతి పిల్లలు ఒక పది పన్నెండు మంది ఆయన దగ్గరికి లెక్కలకు వస్తరట. "ఆదివారం పరీక్ష పెడుతున్న, బిడ్డను తోలుకరా బావా" అన్నడు. శ్రావణమాసం ఆదివారం దుకాణం మూసినా బాధపడేటోళ్లు లేరు. కోళ్లకైతె పండుగే. ఇద్దరం బస్సులు మారి పోయినం.

క్వార్టర్ ముంగట రేకుల కింద సాపలేసి అందరిని కూసోబెట్టిండ్రు. బిడ్డ తెలియని పిల్లల మధ్యల ఒదిగి కూసున్నది. పేపర్ ఇచ్చినంక తల ఎత్తలేదు. నేను దూరంగ బావతోని చాయ్ తాగుకుంట సూస్తున్న. ఆమె పక్కన కూసున్న ఒక పిల్ల, రెండు జడలు, సన్నగుంటది, అందరికన్న ముందుగాల లేచి పేపర్ ఇచ్చింది. నా బిడ్డ ఆ పిల్ల దిక్కు ఒకసారి సూసి, మళ్ల రాసుడు మొదలుపెట్టింది. ఈసారి పెన్ను ఉరికింది.

పొద్దుమీకేసరికి బావ దిద్ది చదివిండు. నా బిడ్డకు నాలుగో నంబరు. పుట్టిన కాన్నుంచి ఫస్టు తప్ప ఎరుగని పిల్ల. ఏడుస్తదేమో, బస్సుల ఎట్ల ఊకోబెట్టాలె అని నేను లోపల్లోపల రెండు జోకులు తయారు చేసి పెట్టుకున్న. వాటితోని పని పడలే. బస్సు ఎక్కిన కాన్నుంచి ఒకటే మాటలు.

"ఆ రెండు జడల పిల్ల లేదా డాడీ, ఆమె ఆరో లెక్క సగం స్టెప్పులతోని చేసింది. నాకు చూపెట్టింది. నేను అంత పొడుగు రాసిన."

"పొడుగు రాస్తే మార్కులు ఎక్కువ రావాలె కదా?"

"రావు డాడీ. మూడో నంబరోడు నాకన్న ఒక్క మార్కే ఎక్కువ. సైన్ తప్పు రాసిన, లేకుంటె వాన్ని దాటేదాన్ని. మళ్ల పరీక్ష ఎప్పుడు పెడ్తడట మామ?"

ఓడిపోయి ఇంత సంబురపడ్డ మనిషిని నేను ఎక్కడా సూడలే. ఆ మాటలు నర్సంపేట దాక ఆగలే. నర్సంపేటల బస్సు మారినంక కిటికీ అద్దం మీద వేలుతోని ఆ ఆరో లెక్క చేసుకుంట కూసున్నది. పక్కసీటు ముసలాయన నన్ను అడిగిండు, "బిడ్డ ఏం చదువుతున్నది?" అని. "పది" అన్న. "ఏ బడి?" అన్నడు. నేను కండక్టర్ దిక్కు తిరిగి చిల్లర అడిగిన. జోకు కూడ దొరకలే.

దసరా సెలవులు అయిపోవస్తున్నయి. బతుకమ్మలు చెరువుల కలిసినయి, తంగేడు పువ్వు కోసం పొద్దుగాల్నే అడవి దిక్కు పోయే ఆడోళ్లు ఇప్పుడు లేరు. బిడ్డ సీటు మాట ఎత్తదు. నా భార్య నా దిక్కు సూస్తది, ఆమె కూడ ఎత్తదు. ఇద్దరు నన్ను కాపాడుతున్నరని తెలుస్తనే ఉన్నది. ఒకనాడు బిడ్డ షెడ్డుల కోళ్లకు నీళ్లు పోస్తుంటె నేనే అడిగిన.

"సిస్టర్ బడి తెరిచే దినం ఎల్లుండే కదా. పోతవా?"

"నువ్వు ఫీలయితవు."

"కోళ్లు కోసేటోన్ని. ఫీలయితె దుకాణం నడుస్తదా?"

"నవ్వకు డాడీ. నిజం చెప్పు."

"నిజం చెప్తున్న. నీకు నేను సరిపోత లేను. తమ్మునికి సరిపోత, వానికి ఇంతకన్న ఎక్కువ పెడితె అరగది."

ఆమె బకెట్ల మిగిలిన నీళ్లు పారబోసి లోపటికి పోయింది. కొంచెం సేపటికి ఇనుప పెట్టె మంచం కింది నుంచి గుంజిన చప్పుడైంది. వాళ్లమ్మను ఏం అడగలే, నేరుగ బట్టలు మడతపెట్టుడే మొదలుపెట్టింది. హాస్టల్ అంటే ఇల్లు రెండు ముక్కలైతదన్న నా భార్యనే పక్కన కూసోని తువ్వాలలు అందిచ్చింది.

జనగామల గేటు కాడ పెద్ద సిస్టరే నిలబడి ఉండె. బిడ్డను సూసి తల ఊపి, "అసెంబ్లీ మొదలవుతోంది, లైన్లోకి వెళ్లు" అన్నది. బిడ్డ పెట్టె అక్కడనే వదిలి ఉరికింది. సిస్టర్ నన్ను అడిగింది, "అబ్బాయి ఎలా చదువుతున్నాడు?"

"మంచిగనే సిస్టర్. వానికి నామీద గురి."

ఈసారి ఆమె మూతి కొద్దిగ కదిలింది. నవ్వు అని నేను లెక్కేసుకున్న.

తర్వాత ఆదివారం హాస్టల్ ఫోన్ నుంచి బిడ్డ మాట్లాడింది. షెడ్డు ముంగట గిరాకి నిలబడి ఉన్నది, కార్తీకం మొదలుకాకముందే తిందామని ఊరంతా వచ్చినట్టున్నది. ఫోన్ చెవికి, భుజానికి మధ్యల పెట్టుకున్న.

"పరీక్ష పెట్టిండ్రు డాడీ. ఆరో ర్యాంకు."

ఇంట్ల నా కాడ పోగొట్టుకున్న నెలలన్నీ ఆ ఆరుల ఉన్నయి.

"నీ ముంగట ఎవరెవరున్నరు?" అని అడిగిన.

ఆమె అయిదుగురి పేర్లు వరుసగ చెప్పింది. ఎవరికి ఇంగ్లీషుల మార్కులు పోతయి, ఎవరికి లెక్కల్ల పోతయి, ఎవరిని క్రిస్మస్ లోపల దాటొచ్చు, ఎవరు జర కష్టం, అన్నీ చెప్పింది. గొంతు మస్తు హుషారుగ ఉన్నది. నేను ఊ కొట్టుకుంట ఇన్న. లైన్ల ముంగటున్న అవ్వ తక్కెడ దిక్కు సూసి, "కోడిని తూకం చెయ్యి బిడ్డా, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చిన" అన్నది.