ఎడమచేతి లెక్క

ముందు పోయినవి రాస్తాను. ఐదు షార్ట్‌హ్యాండ్ అభ్యాస పుస్తకాల్లో నాలుగోది, అట్టతో సహా మధ్యకి చిరిగింది. పెన్సిళ్లు పదిహేడు. నా భార్య గాజులు మూడు. అడుగు పొడవు స్టీలు స్కేలు ఒకటి, వంగిపోయింది. మా అమ్మాయి ఎడమచేతి చిటికెనవేలు, ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. మచిలీపట్నంలో ఒక స్టెనో ఉద్యోగం.

నాగాయలంకలో రొయ్యలు కొనే షెడ్డులో లెక్కలు రాస్తాను. చదివింది పదో తరగతి. షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు ముందు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. పాతికేళ్ల కిందట రెండుసార్లు స్టెనో ఉద్యోగం పరీక్షకి వెళ్లి, రెండుసార్లూ డిక్టేషన్ మధ్యలో చెయ్యి ఆగిపోయి లేచి వచ్చేశాను. అమ్మాయి డిగ్రీ అయ్యాక గుడివాడలో వాళ్ల మావయ్య ఇంట్లో ఆరు నెలలు ఉండి టైపు నేర్చుకుంది. షార్ట్‌హ్యాండ్ నేనే చెబుతానన్నాను.

మొదటి పుస్తకం నిండా గీతలు: సన్నవి, లావువి. రెండోదానిలో మాటలు. మూడోదానికి వచ్చేసరికి నిమిషానికి అరవై మాటల వేగం. నేను గడియారం చూస్తూ ఇంగ్లీషు చదవాలి, తను పెన్సిలుతో గీతల్లో ఎక్కించుకోవాలి, తర్వాత ఆ గీతలు చూసి మామూలు అక్షరాల్లో తిరగరాయాలి. దాన్ని నేను పుస్తకంతో సరిచూసేవాణ్ణి. తప్పుకి ఒక దెబ్బ, స్కేలు అంచుతో. షెడ్డులో ట్రేలు లెక్కపెట్టినట్టే నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం, తన నోటుబుక్కు మార్జినులోనే వేసేవాణ్ణి. కొట్టేది ఎడమచేతి మీద. కుడిచెయ్యి రాయాలి కదా. బాగా ఆలోచించి పెట్టిన పద్ధతి అనుకున్నాను.

“పెద్దక్షరం బదులు చిన్నక్షరం రాసినా ఒకటేనా నాన్నా?” అంది ఒకసారి.

“తప్పు తప్పే.”

“మీ రొయ్యలే నయం. తలకాయ లేకపోతే తూకం కొంత తగ్గిస్తారంతే, మొత్తం కొట్టెయ్యరు.”

ఆ ఎదురుమాటకి రెండు ఎక్కువ పడ్డాయి. వాటికీ గీతలు వేశాను.

నాలుగో పుస్తకం ఎనభై మాటల వేగానిది. పరీక్షకి కావలసింది అదే. నా చెయ్యి ఆగిపోయిందీ అక్కడే. పరీక్ష పదకొండు రోజులుందనగా ఒక సాయంత్రం, ఏడో నిమిషంలో అమ్మాయి పెన్సిలు కింద పెట్టేసింది.

“ఎత్తు.”

“అందట్లేదు నాన్నా.”

“ఎత్తమన్నానా?”

“నీకు అందిందా?”

పుస్తకం రెండు చేతులా పట్టుకుని చింపాను. జుట్టు పట్టి తల బల్లకేసి నొక్కి, ఎడమచెయ్యి లాగి కొట్టాను. వేళ్లు ముడుచుకుంటే కణుపుల మీద కొట్టాను. నా భార్య మధ్యలో చెయ్యి పెట్టింది. గాజులు పగిలి మణికట్టు తెగింది. ఆ నెత్తుటి చేత్తోనే నా చొక్కా పట్టుకుని గుంజింది.

“మీరు తప్పిన పరీక్షకి దాన్ని కొడతారేంటండీ? చంపెయ్యండి! ఇద్దర్నీ చంపేసి లెక్క రాసుకోండి!”

జాలిపడి ఆపలేదు. స్కేలు వంగిపోయి ఆపాను. చిటికెనవేలు పక్కకి తిరిగి ఉంది. ఆ రోజు గీతలు వెయ్యలేదు.

అవనిగడ్డలో డాక్టరు గారు వేలికి కట్టు వేస్తూ ఎలా విరిగిందని అడిగితే, తలుపు సందులో పడిందని అమ్మాయే చెప్పింది. కుడిచేతికి ఏమీ కాలేదు కాబట్టి నాకు ధైర్యంగానే ఉంది. పరీక్ష రోజు బస్సు మోపిదేవి గుడి దాటుతుంటే నా భార్య ఆ కట్టు చేతిని తన చేతుల మధ్య పెట్టుకుని దణ్ణం పెట్టింది.

మచిలీపట్నంలో మేమిద్దరం గేటు బయట నిలబడ్డాం. పది నిమిషాల డిక్టేషన్‌లో అమ్మాయి ఒక్క మాట వదల్లేదు. ఆ తర్వాత దాన్ని కంప్యూటర్లో టైపు చెయ్యాలి. టైపుకి పది వేళ్లూ కావాలి. నేను ఏనాడూ అంతదాకా వెళ్లలేదు కనుక అది నా లెక్కలోకే రాలేదు. అమ్మాయికి తెలుసు, నాతో అనలేదు. సగం దాటేసరికి టైము అయిపోయింది.

బయటికొచ్చి, పేపరు దిద్దే నిబంధనల కాగితం నా చేతిలో పెట్టింది. మాట వదిలితే పూర్తి తప్పు. పెద్దక్షరం, చిన్నక్షరం, కామా లాంటివి సగం తప్పు.

నోటుబుక్కులన్నీ దించి మళ్లీ లెక్కకట్టాను. షెడ్డు నుంచి వచ్చాక రోజూ అదే పని, నెల దాకా పట్టింది. గీతలు మొత్తం ఆరువందల ముప్పై ఎనిమిది. అందులో సగం తప్పు కిందికి వచ్చేవాటికి వేసినవి రెండువందల యాభై, ఎదురుమాటకి వేసినవి రెండు. నిబంధన ప్రకారమైతే పడవలసినవి ఐదువందల పదకొండు.

లెక్క తేలిన రోజు అమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది. గుడివాడలో టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే డిక్టేషన్ చెప్పే పని దొరికింది. వంగిన స్కేలు తన పక్కన పెట్టి చెయ్యి చాపాను.

“నూట ఇరవై ఏడు ఎక్కువ కొట్టానమ్మా.”

స్కేలు వైపు చూడలేదు. “అంటే ఆ ఐదొందల పదకొండూ కరెక్టేనా నాన్నా?”

చాపిన చెయ్యి ఇంకాస్త ముందుకి జరిపాను.

“ఆఖరి రోజువి కలిపావా?”

“వాటికి గీతలు లేవు.”

“పంతొమ్మిది. నేను లెక్కపెట్టా.” బ్యాగు జిప్పు లాగింది. “జరుగు, బస్సుకి టైమైంది.”

నాలుగేళ్లయింది. వాళ్లమ్మే గుడివాడ వెళ్లి చూసొస్తుంది. నేను తనకి ఉన్న బాకీ, ఈ రోజు వరకు, ఆరువందల యాభై ఏడు.